ఎండే ఆముదం

ఆముదం ఎండదు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తాండూరు స్టేషను వెనక మా గానుగ షెడ్డులో తలుపు గడియ జిడ్డు, తక్కెడ జిడ్డు, నేను కూర్చునే కుర్చీ చేతులు జిడ్డు. మా తాత కాలంలో గుమ్మం మీద ఒలికిన ఆముదం మా నాన్న కాలంలో కూడా వేలికి అంటేదట. ఎండదు కాబట్టే బండి ఇరుసుకు పూస్తారు, ఎండదు కాబట్టే దానికి గిరాకీ. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి, ఒకనాడు నాకు అన్నం వడ్డిస్తూ, ఆముదాన్ని ఎండేటట్టు చేయవచ్చని మనోరమ చెప్పింది.

నేను వేళాకోళం అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పటికి మా పెళ్లయి రెండేళ్లు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు. రెండింటికీ నేనింకా అలవాటు పడుతూనే ఉన్నాను.

మా ఇల్లు వికారాబాద్‌లో, షెడ్డు తాండూరులో. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి రావడం నా బతుకు. ఉర్దూ మీడియంలో మెట్రిక్ దాకా చదివి, నిజాం రాజ్యం పోయిన ఏడు చదువు ఆపి గానుగలో కూర్చున్నవాణ్ణి. మనోరమ హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చదివి బి.ఎస్సీ. పాసైంది. మా అమ్మ పద్మమ్మ ఆ చదువును పిల్ల మెడలో ఇంకో నగ అనుకుని సంబంధం ఒప్పుకుంది. నగ నోరు తెరిచి మాట్లాడుతుందని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

సంగతి ఇదీ. తలుపులకు వేసే రంగులో నూనె ఉంటుంది. ఆ నూనె ఎండి గట్టిపడితేనే రంగు నిలుస్తుంది. దానికి కంపెనీలు అవిసె నూనె వాడతాయి, ఆ అవిసె నూనె చాలడం లేదు. ఆముదాన్ని ఎండే నూనెగా మార్చి ఇస్తే డ్రమ్ములకు డ్రమ్ములు తీసుకుంటామని హైదరాబాద్‌లో ఒక రంగుల కంపెనీ కెమిస్టు మనోరమతో అన్నాడట. చెక్క మీద పూసి, ఎండిందని చూపిస్తే చాలునట. ఎలా మారుస్తావని నేను అడిగాను. అడగకుండా ఉంటే నా తల కుదురుగా ఉండేది.

ఆముదంలో ఒక ఆమ్లం ఉంటుందని మొదలుపెట్టింది. ఆమ్లమంటే తేజాబని నాకు తెలుసు.

"చిన్నప్పుడు కడుపు నొచ్చినప్పుడల్ల మా అమ్మ నాకు తాగిచ్చింది తేజాబా?" అన్నాను.

"అన్ని ఆమ్లాలు కాల్చయి. చింతపండుల ఉన్నది గూడ ఆమ్లమే," అన్నది. "ఆముదంల ఉన్నది నూనె ఆమ్లం. గది పుల్లగుండది."

పుల్లగా ఉండని ఆమ్లం. సరే అనుకున్నాను. దానిలోంచి నీళ్లు తీసేస్తే అది ఎండుతుందని చెప్పింది. అక్కడ నాకు కోపం వచ్చింది. మా గానుగ నూనెలో నీళ్లు కలుస్తాయని మా తాత కాలం నుంచి ఇప్పటిదాకా ఒక్కడు అనలేదు. నీళ్లు కలిసి లేవని, నీళ్లయ్యే సరుకు నూనెలో అతుక్కుని ఉందని, మట్టి వేసి కాస్తే అది ఊడి నీళ్లయి బయటికి వస్తుందని ఆమె ఓపికగా చెప్పింది. అంటే లేని నీళ్లు బయటికి వస్తాయన్నమాట. మరి మట్టి ఏమవుతుందని అడిగాను. ఏమీ కాదట. నూనె వచ్చి దాన్ని ఆనుకుంటుంది, నీళ్లు వదులుతుంది, పోతుంది, దాని వెనక ఇంకొంత నూనె వస్తుంది. మట్టి మాత్రం మట్టిలాగే ఉంటుంది.

తాను చెయ్యి పెట్టకుండా, కూర్చున్నచోటు నుంచి కదలకుండా, ఊరందరిచేత పని చేయించే మనిషిని నేను దౌల్తాబాద్‌లో చూశాను. ఆయన మా మేనమామ. ఆయన్ని తలుచుకుని ఆ ఒక్క ముక్క నమ్మాను. మిగతాది నాకు అప్పుడూ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే ఇప్పుడూ సగమే అర్థమైంది.

ఇక మనోరమ చెయ్యి గురించి చెప్పాలి. కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఆమె కలిపిన మామిడికాయ తొక్కు దసరాకు ముందే బూజు పట్టింది. ఆమె తోడు పెట్టిన పెరుగు తీగలు సాగింది. మా అమ్మ తిట్టలేదు. "పిల్ల మంచిదే. చెయ్యి మంచిది గాదు," అని ఊరుకుంది. మా ఇళ్లలో ఈ మాటకు అప్పీలు లేదు. తొక్కు కలపడం, పెరుగు తోడు పెట్టడం, వడియాల పిండి పట్టడం, ఒక సరుకు ఇంకో సరుకుగా మారే పని ఏదైనా సరే, ఇక ఆమె ముట్టకూడదు. ఆ పనులన్నీ కుల్కచర్ల నుంచి వచ్చి మా ఇంట్లో పనికి ఉంటున్న రామమ్మవి. రామమ్మ చెయ్యి పడితే రాయి కూడా ఊరుతుందని అమ్మ నమ్మకం.

మనోరమ మొదట్లో దీనికి నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. జాడీల గదిలోంచి ఏమైనా కావలసివస్తే గుమ్మం బయట నిలబడి రామమ్మను పిలిచేది. అది నాకు నచ్చేది కాదు. కానీ అమ్మతో ఏమని వాదించాలో తోచేది కాదు, బూజు పట్టిన మాట నిజమే కదా. ఆముదాన్ని మార్చి చూపిస్తానని ఆమె ఎందుకంత పట్టు పట్టిందో కొన్నాళ్లకు గాని నాకు తట్టలేదు. ఆమెకు డ్రమ్ముల బేరం ముఖ్యం కాదు. ఒక సరుకు ఇంకో సరుకుగా మారాలి, అది తన చేతిలో మారాలి, అది మా అమ్మ చూడాలి.

మొదటిసారి వికారాబాద్‌లో మా పెరట్లోనే చేసి చూశాం. మట్టి కిష్టప్ప తెచ్చాడు. కిష్టప్ప గొర్లు కాసేది బొంరాస్‌పేట వైపు. ఆ దారిలో ఒక గుంతలో దొరికే తెల్లటి జిగట మట్టితో వాళ్ల ఆడవాళ్లు తల రుద్దుకుంటారు. ఆ మట్టిని పలచటి తేజాబులో ఉడికించాలి, నీళ్లు పోసి పోసి కడగాలి, ఆరబెట్టి పొడి చేయాలి. అప్పుడే దానికి నూనెను మార్చే గుణం వస్తుందట. అమ్మ మాట కాదనలేక ఆ పనంతా రామమ్మ చేత చేయిస్తూ మనోరమ పక్కన నిలబడింది. ఉన్నది ఇంత మట్టే కాబట్టి పింగాణి పళ్లెంలో పోసి ఎండలో పెట్టారు. తర్వాత ఒక ఇనప డబ్బాలో ఆముదం పోసి, మట్టి పొడి వేసి, మూత బిగించి కట్టెల మీద కాచాం. మూతకు ఒక గొట్టం, గొట్టం చివర ఒక గాజు సీసా.

సీసాలో నీళ్లు పడ్డాయి. వేలు పెట్టి చూశాను, నీళ్లే, కొంచెం నూనె కంపు. డబ్బాలో ఉన్నది మా గానుగ ఆముదం, నా కళ్ల ముందే పోసింది. సీసాను వెలుతురుకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాను, దానిలో నాకు జవాబేమీ కనపడలేదు. ఆ నూనెను పెరటి తలుపు మీద పూస్తే రెండు మూడు రోజుల్లో ఎండి మెరిసింది. అమ్మ గోటితో గీకి చూసింది. గీత పడలేదు.

"రామమ్మ చెయ్యంటే గట్లుంటది," అన్నది.

 తెలివి మనోరమది, పేరు రామమ్మకు పోయింది. రామమ్మ కూడా పాపం ఎటు చూడాలో తెలియక నేల చూసింది.

తాండూరులో పెద్ద ఎత్తున చేద్దామని, రైల్వే పని మానేసిన ఒక కమ్మరి చేత మూత, గొట్టం ఉన్న పెద్ద ఇనప డేగిసా చేయించాను. అందులో మనిషి కూర్చుని స్నానం చేయవచ్చు. కిష్టప్ప బండెడు మట్టి తోలాడు. ఈసారి రామమ్మ రానక్కర్లేదని మనోరమ చెప్పేసింది. రోజూ నాతో ప్యాసింజరులో వచ్చి, కొంగు నడుముకు దోపి, మట్టిని తానే ఉడికించింది, తానే కడిగింది. వేళ్లు తెల్లబడి పగిలాయి. నేను సాయం పట్టబోతే పక్కకు నెట్టింది. కడగడం అయ్యాక ఆ తడి మట్టిని షెడ్డు ముందు కళ్లంలో పరిచాం.

కళ్లం అంటే నాపరాతి బండలే. తాండూరులో భూమి గీకితే వచ్చేది అదే, ఇంటి గోడ అదే, కప్పు అదే, కూర్చునే అరుగు అదే. మా కళ్లంలో మా తాత ఏరి ఏరి పరిపించిన నున్నటి బండలున్నాయి. కందులు, ఆముదాలు, మిరపకాయలు, ఉతికిన బట్టలు, అన్నీ ఆరేది వాటి మీదే. ఎండవేళ అక్కడ కాలు పెట్టలేం. తడి మట్టి పడగానే సుయ్‌మని సన్నటి బుడగలు లేచాయి. కాలిన బండ మీద తడి పడితే సుయ్‌మనడం మాకు కొత్తా? బండ మస్తుగా కాలిందని, పొద్దుగూకేలోపే మట్టి ఆరిపోతుందని కిష్టప్ప సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను.

డేగిసా కాచాం. సీసాలో నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి. మనోరమ ఇంకా కట్టెలు పెట్టించింది. నూనె నల్లబడింది, చిక్కబడింది, కంపు కొట్టింది, ఎండే నూనె మాత్రం కాలేదు. చెక్క మీది పూత వారమైనా జిగటగానే ఉంది. ఈగలు వాలి అతుక్కుని చచ్చాయి. ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, కనీసం సంతోషపడినా బాగుండేది. చెయ్యి సంగతి తెలిసి తెలిసి మట్టి ఆ పిల్ల చేతికి ఎందుకిచ్చావని నన్నే అడిగింది.

మనోరమ నీళ్లను అనుమానించింది. తాండూరు బావుల్లో సున్నపు నీళ్లు, సబ్బు నురగ రాదు, పప్పు ఒక పట్టాన ఉడకదు. మట్టిని వికారాబాద్ నీళ్లతో కడగాలన్నది. దాంతో నేను మా ఇంటి బావినీళ్లు కిరసనాయిల్ డబ్బాల్లో నింపి ప్యాసింజరు ఎక్కించాను. గార్డు వచ్చి డబ్బాల్లో ఏముందన్నాడు. నీళ్లన్నాను. మూత తీయించి వాసన చూశాడు. తాండూరులో నీళ్లు లేవా అన్నాడు. ఉన్నాయన్నాను. మరి ఇవెందుకన్నాడు. ఆముదంలోంచి నీళ్లు తీయడానికన్నాను. అతను నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా తన పెట్టెలోకి పోయాడు. నా జవాబు నాకే అర్థం కాలేదు, అతన్నేమనగలను?

ఆ నీళ్లతో కడిగిన మట్టిని కళ్లంలో ఆరబోసి, దంచి, డేగిసాలో వేసి కాచాం. ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ పడ్డాయేమో, అంతకు మించి ఏమీ జరగలేదు.

ఆ సాయంత్రం స్టేషను బెంచీ మీద రైలు కోసం కూర్చున్నాం. ఆమె ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. ఆముదం అదే గానుగది. మట్టి అదే గుంతది. తేజాబు అదే దుకాణంది. నీళ్లు ఇప్పుడు అవే. వికారాబాద్‌లో అయింది, ఇక్కడ కావడం లేదు. ఊరు మారిందని మట్టికి తెలుస్తుందా అని అడిగాను. నిజంగానే అడిగాను, ఎగతాళికి కాదు. ఆమె వినలేదు. తన రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటోంది.

"అన్నీ ఒక్కటే ఉన్నయి. మారింది నా చెయ్యొక్కటే," అన్నది.

నాకు భయం వేసింది. నూనె ఎండకపోతే పోనీ, ఆమె నోటి నుంచి ఆ మాట నేను వినలేకపోయాను. మా ఇంట్లో ఆ మాట పూర్తిగా నమ్మని మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూడా నమ్మేస్తే ఇక ఆ చేతి తరఫున మాట్లాడే దిక్కెవరు? కెమిస్ట్రీ చదివినదానివి ఇలా అంటావేమిటని ఏదో సర్దిచెప్పబోయాను. కెమిస్ట్రీ అయితే జవాబు చెప్పాలి కదా, చెప్పడం లేదే అన్నది. రామమ్మను తాండూరుకు పంపమని అత్తమ్మను అడగండి అన్నది.

అమ్మ పంపింది, కాని షరతు పెట్టింది. రామమ్మ చేత్తో కూడా కాకపోతే డేగిసాను పాత ఇనుముకు అమ్మేయాలి, షెడ్డులో గానుగ తప్ప మరేమీ ఉండకూడదు, కోడలు ఇక వికారాబాద్ ఇంటి పట్టునే ఉండాలి. మనోరమ ఒప్పుకుంది. రామమ్మ చేత్తో నూనె ఎండితే ఆమె చెయ్యి చెడ్డదని తేలిపోతుంది, ఎండకపోతే డేగిసా పోతుంది. ఆమె లోపల ఏది కోరుకుంటోందో నాకు తెలియలేదు. ఆమెకైనా తెలుసో లేదో.

రామమ్మ మట్టి ఉడికించింది, వికారాబాద్ నీళ్లతో కడిగింది, కళ్లంలో పరిచింది. మనోరమ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడి చూసింది, ఒక్క గిన్నె కూడా అందించలేదు. మట్టి సుయ్‌మన్నది, ఆరింది. డేగిసా కాచాం. నాలుగు చుక్కలు పడ్డాయి. చెక్క మీద ఈగలు అతుక్కున్నాయి.

రామమ్మ షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చింది. తన చెయ్యి కూడా పాడైపోయిందని, ఇక మా అమ్మ జాడీల జోలికి పోనని అన్నది. ఆ చెయ్యి పట్నం చదువు గాలి తగిలి చెడిందా, తాండూరు ఎండకు చెడిందా అని కిష్టప్ప గొంగడి కప్పుకుని తీవ్రంగా ఆలోచించాడు. మనోరమ చెయ్యి మంచిది కాదు కాబట్టి కాలేదు, సరే. మంచి చెయ్యి కూడా ఎందుకు ఓడింది? నేను ఎందుకో నా చేతులు కూడా ఒకసారి చూసుకున్నాను. షెడ్డులో అందరమూ ఎవరి చేతులు వాళ్లం చూసుకుంటున్నాం.

ఆ మర్నాడు తాండూరులో అమ్మే స్వయంగా దిగింది, డేగిసా బేరం నాకు చేతకాదని. పాత ఇనుము కొనేవాడు మధ్యాహ్నం వస్తానన్నాడు. మనోరమ లోపల తన గాజు సీసాలు గుడ్డల్లో చుట్టి సర్దుతోంది. అమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. వచ్చీ రాగానే కందులు ఎండకు పోయిద్దామని చీపురు పట్టుకుని కళ్లం ఊడవడం మొదలుపెట్టింది. చీపురు ఒకచోట తట్టుకుంది. వంగి అరచేత్తో రాసి చూసింది. నున్నగా ఉండవలసిన బండ గరగరలాడుతోంది, తెల్లటి పిండి చేతికి అంటింది.

"ఎవరు జేసిన్రు గీ పని?" అని నన్ను పిలిచింది. "మీ తాత దగ్గరుండి పరిపిచ్చిన బండలురా ఇవి. పులుసు చుక్క వడితెనే మచ్చ వడ్తదని నేను గిన్నె గూడ వెట్టనియ్య. గసొంటి బండల మీద తేజాబు మట్టి వోస్తరా?"

ఇనుము బేరానికి వచ్చిన అమ్మ బండల కోసం తగువు పెట్టుకుంది. నేను తలవంచుకుని వింటున్నాను. లోపలి నుంచి మనోరమ వచ్చింది, చెప్పులు కూడా వేసుకోలేదు. కాలిన బండల మీద అలాగే నడిచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. గరుకు బండ మీద ఒక చెయ్యి, పక్కనున్న నున్నటి బండ మీద ఒక చెయ్యి పెట్టి చూసింది. లేచి లోపలికి పరిగెత్తింది. రామమ్మ కడగగా బానలో అడుగున మిగిలిన తడి మట్టి ఇంత తెచ్చి, షెడ్డు నీడలో ఎప్పుడూ ఎండ తగలని మెట్టు బండ మీద పెట్టింది.

సుయ్‌మన్నది. బుడగలు లేచాయి.

అందరం వంగి చూశాం. కిష్టప్ప ఆ బండను వేలితో ముట్టుకుని చూశాడు.

"సల్లటి బండ గూడ సుయ్యంటదా పటేలా?" అన్నాడు.

మనోరమ ఆ మెట్టు మీదే కూర్చుండిపోయి చెప్పింది. ఈ బండల్లో ఉన్నది సున్నమేనట. తేజాబు పెట్టి మట్టికి ఎక్కించిన పులుపునంతా, ఆరేలోపు బండ తాగేస్తోంది. మేం పొడి చేసి డేగిసాలో వేసేది పని చేసే మట్టి కాదు, తల రుద్దుకునే మట్టి కన్నా కూడా పనికిరాని మట్టి. వికారాబాద్‌లో ఇంత మట్టే కాబట్టి పింగాణి పళ్లెం, ఇక్కడ బండెడు కాబట్టి కళ్లం. ఎవరు కడిగినా, ఏ నీళ్లతో కడిగినా పరిచింది మాత్రం ఒక్కచోటే. బావినీళ్లలో సున్నాన్ని అనుమానించింది గాని, ఆ సున్నం బావిలోకి ఏ రాతిలోంచి వస్తోందో ఆలోచించలేదని తల కొట్టుకుంది.

నేను మాత్రం ఆలోచించానా? ఊరి చుట్టూ బట్టీల్లో ఈ బండల ముక్కలనే కాల్చి సున్నం చేస్తారు. ఆ పొగ పీలుస్తూ పెరిగినవాణ్ణి. కళ్లం ఉన్నది ఆరబోయడానికి, కాబట్టి ఆరబోశాం. తాండూరువాడు దేన్నైనా అనుమానిస్తాడు గాని కాళ్ల కింద బండను అనుమానించడు.

అమ్మకు బండ పులుపు తాగుతుందన్నది వెంటనే అర్థమైంది. తప్పు చేతిది కాదన్నది అర్థమైందో లేదో తెలియలేదు. ఇంతలో ఇనుము కొనేవాడు వచ్చి డేగిసాను తట్టి చూడసాగాడు. ఇంకొక్కసారి చేయనివ్వమని మనోరమ అడిగింది. అమ్మ రామమ్మ వంక చూసింది. రామమ్మ చేతులు వీపు వెనక్కి పెట్టుకుని, తాను ముట్టనంటే ముట్టనన్నది.

"అయితె నీ చేత్తోనే చెయ్యి," అన్నది అమ్మ మనోరమతో. "బండ తప్పో చేతి తప్పో తెలువాలె."

ఇనుమువాణ్ణి వారం ఆగి రమ్మని పంపింది. ఆ వారం అమ్మ తాండూరు వదిలిపోలేదు. మళ్లీ నేను నీళ్ల డబ్బాలు మోశాను, తాండూరు సున్నపు నీళ్లకన్నా ఇవే నయమని మనోరమ వాటిని మాననివ్వలేదు. గార్డు నన్ను చూసి ముందే మొహం తిప్పుకున్నాడు. మనోరమ మొదటి నుంచి చివరిదాకా తన చేతులతోనే చేసింది. తడి మట్టిని పరచడానికి కిష్టప్ప తన దగ్గరున్న పాత గొంగళ్లన్నీ తెచ్చి ఇచ్చాడు. ఈసారి మట్టి ఏ చప్పుడూ చేయకుండా ఆరింది. చప్పుడు లేకపోతే అది మంచికో చెడుకో తెలియక నేను పరేషాన్ అయ్యాను.

డేగిసా కింద మంట పెట్టి అమ్మ సీసా ముందు పీట వేసుకుని కూర్చుంది. నాలుగో చుక్క దాకా నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదోది పడింది. తర్వాత చుక్క వెనక చుక్క, ఆగకుండా. అవేమిటని అమ్మ అడిగింది. నీళ్లన్నాను. ఎక్కడివన్నది. నూనెలోవన్నాను.

"నూనెల నీళ్లు వోసినవారా?" అన్నది, నాకు ఆనాడు వచ్చిన కోపంతోనే.

కలిసి లేవని, అతుక్కుని ఉన్నాయని, మట్టిని ఆనుకుని వదిలేస్తాయని, మట్టికి ఏమీ కాదని మొదలుపెట్టి, సగంలో నాకే దారి తప్పింది. దౌల్తాబాద్ మేనమామను అడ్డం పెట్టి గట్టెక్కుదామని చూశాను. ఆయన అమ్మకు సొంత తమ్ముడు, దాంతో ఇంకా చిక్కున పడ్డాను. మంట దగ్గర మనోరమ మొహం అటు తిప్పుకుని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

కొత్త చెక్క మీద నూనె పూసి అమ్మ దాన్ని తన పక్కనే పెట్టుకుంది. విసనకర్రతో ఈగలు తోలింది. మొదటినాడు వేలికి అంటింది. మర్నాడు కొంచెం అంటింది. మూడోనాడు పొద్దున్నే వేలు పెట్టింది, అరచెయ్యి పెట్టింది, గోటితో గీకింది, నడుముకున్న తాళంచెవి తీసి దాంతోనూ గీకింది. గీత పడలేదు.  మనోరమ ఎదురుగా నిలబడి ఆమె మొహమే చూస్తోంది, నాకు ఇద్దరి వంకా చూసే ధైర్యం లేదు. అమ్మ చెక్కను గోడకు ఆనించి, కందులు ఎండాయో లేదో చూసొస్తానని బయటికి పోయింది. ఇనుమువాడు వచ్చినప్పుడు అమ్మేది లేదని తానే చెప్పి పంపింది. ఆ తర్వాత మా నూనె డ్రమ్ము హైదరాబాద్ పోయింది, కంపెనీ ఇంకా కావాలన్నది. అంత జరిగినా చెయ్యి గురించి అమ్మ ఒక్క మాట అనలేదు. మనోరమ అడగలేదు.

మామిడికాయలు వచ్చాయి. వికారాబాద్ ఇంట్లో అమ్మ ముక్కలు, కారం, ఉప్పు, నూనె ముందు పెట్టుకుని జాడీల గదిలో కూర్చుంది. భయం తీరిన రామమ్మ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది. మనోరమ అలవాటు చొప్పున గుమ్మం బయటే నిలబడింది.

"రామమ్మా, నువ్వు జర జరుగు," అన్నది అమ్మ. తర్వాత తల ఎత్తకుండానే, "రా బిడ్డా, కలుపు," అన్నది.

మనోరమ కదలలేదు. అమ్మ కారం గిన్నె ఆమె వైపు తోసింది. అప్పుడు గుమ్మం దాటి వచ్చి కూర్చుని, మోచేతుల దాకా ముంచి కలిపింది. నాకు కళ్లు మండాయి. కారం ఘాటని చెప్పి అవతలికి వచ్చేశాను.

ఆ తొక్కు దసరాకు ముందే బూజు పట్టింది.

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. అమ్మ జాడీ మూత తీసింది. తెల్లగా అంతా పరుచుకుని ఉంది. పొయ్యి దగ్గర మనోరమ చేతిలో గరిటె ఆగిపోయింది. రామమ్మ గోడ వైపు తిరిగింది. అమ్మ చెంచాతో బూజు తీసి పక్కన పడేసి, కిందిది నా కంచంలో వేసింది.

"జాడి తడి ఉండె," అన్నది. "చేతిదేం లేదు."

ఆ జాడీని కడిగి, రెండు ఎండలు ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి పెట్టింది అమ్మే. ఆమె చేతిలో ఒక్క జాడీ కూడా ఎన్నడూ తడిగా మిగలలేదు. నాకేమీ అర్థం కాలేదు. ముద్ద కలుపుకుని తిన్నాను. బూజు వాసన వచ్చింది. ఇంకొంచెం వేయమన్నాను.